బల్లకు కావలియున్న పెద్దలకు బహిరంగ లేఖ

గోదావరి మండలములలోని క్రైస్తవ సంఘముల పెద్దలకును, అయ్యగార్లకును, సువార్తికులకును, కార్యవర్గ సభ్యులకును,

అయ్యలారా,

ప్రభురాత్రి భోజనమునకు ముందటి శనివారము సాయంకాలమున తరతరములుగా జరుగుచు వచ్చిన సిద్ధపాటు కూడికను మీలో పలువురు ఒకరిని చూచి ఒకరు నిలిపివేసితిరి. జనము వచ్చుట లేదని కొందరు, శనివారము ఎవరికిని తీరిక లేదని కొందరు, ఆదివారపు ఆరాధనలోనే రెండు నిమిషముల ఒప్పుకోలు ప్రార్థన ఉన్నది గదా యని మరికొందరు సమాధానము చెప్పుచున్నారు. మా ప్రాంతపు సంఘమొకదానిలో పెద్దలు ఇంకొక అడుగు ముందుకు వేసి, కొత్త మందిరమునకు శ్లాబు పడువరకు ప్రసంగములలో పాపమను మాట తగ్గించవలెననియు, ఇచ్చెడి చేతులను నొప్పింపరాదనియు అయ్యగారికి స్పష్టముగా చెప్పిరి. ఆయన పిల్లలు గలవాడు, ఆయన జీతము ఆ పెద్దల చేతిలో నున్నది; తగ్గించెను. ఈ నిర్ణయమును గాని, దీనిని చూచియు చూడనట్లు సాగనిచ్చుచున్న మీ అందరి వైఖరిని గాని అంగీకరింపజాలక ఈ లేఖ వ్రాయుచున్నాను.

శనివారపు కూడిక ఎట్టిదో మీలో నడివయస్సు దాటినవారికి తెలియనిది కాదు. ఆ పూట కానుకల సంచి తిరుగదు, కంజరి మ్రోగదు, బయటినుండి ప్రసంగీకుడు రాడు. అయ్యగారు సంఘపు పట్టీ చేతబట్టుకొని, మరునాడు ప్రభు బల్లయొద్దకు రాగోరువారి పేర్లు ఒక్కొక్కటిగా చదువును. గట్టు తగాదాలో మాటలు మానుకొనిన అన్నదమ్ములు ఇద్దరును వచ్చియుందురు. ఒకడు తలుపు ప్రక్కన, ఒకడు కిటికీ క్రింద చాపమీద కూర్చుండును. వారి పేర్లు వచ్చినప్పుడు చదువుట ఆగును. రేపు మీరిరువురు ఒకే గిన్నెలోనిది పుచ్చుకొందురు గదా, మీ నడుమ ఏమైన ఉన్నదా యని అడిగి, అయ్యగారు మరి మాటాడక వేచియుండును. చాలసేపటివరకు ఎవరును కదలరు. కడకు పెద్దవాడు లేచి, అందరును వినుచుండగా, జానెడు మేర గట్టును జరిపినది తానేనని చెప్పును. సోమవారము ఉదయమున ఇద్దరును పారలు పట్టుకొని చేనికి పోయి దానిని యథాస్థానమున వేసికొందురు. పాపమును జీవితమునుండి తొలగించుట యనగా ఇంత ప్రత్యక్షమైన పని యనియు, దానికి కన్నీటితోపాటు పార కూడ కావలసివచ్చుననియు, ఆ చాపలమీద కూర్చున్న పిల్లలు ఏ వేదాంత గ్రంథమును చదువకయే నేర్చుకొనిరి.

ఇట్టి పూటను తీసివేయుటకు మీకు అధికారము ఎవరిచ్చిరి? మీరు మందిరపు స్థలములకును, దుకాణముల అద్దెలకును ధర్మకర్తలగుటకు ముందు బల్లకు కావలివారు. అపాత్రముగా రొట్టె తినువాడు తనకు తానే శిక్ష తెచ్చుకొనునని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మాటలను సంస్కారపు ఆదివారములలో మీరు చదువుదురు. దానికి పై వచనములను మాత్రము ఏల విడిచిపెట్టుదురు? కలిగినవారు ముందుగా వచ్చి కడుపునిండ తిని త్రాగుట, లేనివారు ఆకలితో నిలుచుట, ఆ విధముగ పేదలను సంఘమధ్యమున సిగ్గుపరచుట. అపొస్తలుడు అక్కడ ఖండించిన దోషము ఇదియే గదా! బల్లయొద్ద మొట్టమొదట ఖండింపబడిన పాపము కలిగినవారి పాపమై యుండగా, కలిగినవారు నొచ్చుకొందురని బల్లయొద్ద పాపమును గూర్చి మాటాడరాదనుట ఏ న్యాయము?

ఈ డెల్టాకు పాపమును గూర్చిన ఈ బోధ ఎవరిచేత వచ్చినదో జ్ఞాపకము చేసికొనుడు. 1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్సు వెంట ఇంగ్లండు విడిచి ఓడయెక్కి, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిన జార్జి బీరు, విలియం బౌడెను అనువారిలో ఒకరు చెప్పులు కుట్టువారు, ఒకరు రాతిపనివారు. ధవళేశ్వరమువద్ద 1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటను ఆధ్వర్యమున ఆనకట్ట కట్టబడుచున్న దినములలో రాళ్లు మోయు కూలీల నడుమ ఈ సువార్త వినబడినది. రాజమహేంద్రవరమున 1845లో వాలెట్టు ప్రారంభించిన లూథరను పని చేయిదాటిపోకుండ నిలుపుటకై, ఫాదరు హేయరు డెబ్బదియైదేండ్లు దాటిన వయస్సున, 1869లో, అమెరికానుండి మరల సముద్రము దాటి వచ్చెను. వీరు ఎవరియొద్దకు వచ్చిరి? నీవు పుట్టుకచేతనే అశుద్ధుడవు, నీ నీడ అశుద్ధము, నీవు త్రాగిన నుయ్యి అశుద్ధము అని వందల ఏండ్లుగా చెప్పబడిన ప్రజలయొద్దకు వచ్చిరి. వచ్చి, అశుద్ధి పుట్టుకలో లేదు, చేతలో నున్నదనియు, చేతలోనిది గనుక బ్రాహ్మణునకును మాలవానికిని మాదిగవానికిని ఒక్కటే కొలత యనియు, చేతలోనిది గనుకనే దేవుని కృపచేత దానిని విడిచి లేవవచ్చుననియు చెప్పిరి.

అయ్యలారా, మన తాతముత్తాతలకు పాపమను మాట అవమానముగ వినబడలేదు, విడుదలగా వినబడినది. తాను పాపియని ఒప్పుకొనగలుగుటయే ఆ పేటలలోని మనిషికి మొట్టమొదటి గౌరవము. ఏలయనగా తన చేతలకు తాను బాధ్యుడననియు, మారగలవాడననియు అతడు ఆనాడే ఎరిగెను. 1912లో దోర్నకల్లు బిషపుగా అభిషిక్తుడైన అజరయ్యగారు, భారతీయులలో ఆంగ్లికన్ సంఘమునకు తొలి బిషపు, త్రాగుడును జగడములను అపరిశుభ్రతను విడిచిన పేటల మారిన బ్రతుకే ఇరుగుపొరుగు కులములవారికి సువార్త యగుచున్నదని మిక్కిలి పట్టుదలతో నమ్మి పనిచేసిరి. మీరు పాపమును ప్రసంగములనుండి తొలగించునప్పుడు తొలగించుచున్నది ఒక కటువైన మాటను కాదు, పేదవాని చేతికి వచ్చిన ఆ గౌరవమును.

మీలో కొందరు ఇక్కడ నన్ను ఆపుదురు: మేము పాపమును గూర్చి మాటాడుటలేదని ఎవరనిరి, ప్రతి ఆదివారము మాటాడుచునే యున్నాము గదా యని. నిజమే. ఏ పాపమును గూర్చి? కూలివాడు సాయంకాలము త్రాగిన సీసాను గూర్చి, సంక్రాంతి కోడిపందేలను గూర్చి, సినిమాను గూర్చి, స్త్రీల గాజులను గూర్చి, జడలోని పువ్వులను గూర్చి. త్రాగుడును నేను తేలికచేయుట లేదు. అది ఈ డెల్టా పేటలలో ఎన్ని కుటుంబములను వీధిన పడవేసినదో మీకంటె తక్కువగ నేను ఎరుగను. అయినను 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటమును ఒక్కసారి తలచుకొనుడు. ఆ తల్లులు త్రాగివచ్చిన మగనిని తిట్టి ఊరకుండలేదు. సారా దుకాణముమీదికి పోయిరి, సారా వేలంపాటలు జరుగు కచేరీలకు పోయి ఆ పాటలను ఆపించిరి, 1995 జనవరిలో రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చువరకు విడువలేదు. రెండేండ్లు తిరిగిన తరువాత ప్రభుత్వము దానిని సడలించుట వేరు కథ. అక్షరములు అప్పుడప్పుడే నేర్చుకొనుచున్న ఆ స్త్రీలు పాపము త్రాగినవానియొద్ద ఆగదనియు, అమ్మినవానియొద్దకును పాట పాడుకొనినవానియొద్దకును పోవుననియు గ్రహింపగా, వేదాంత విద్యాలయములలో చదివిన మనము త్రాగినవానియొద్దనే ఏల ఆగిపోతిమి? పై కాలువలో మురుగు వదలి, చివరి చేనివానిని నీ నీరు మురికిగ నున్నదని తిట్టినట్లున్నది మన పరిశుద్ధతా బోధ.

మనము మాటాడని పాపములలో మొదటిది కట్నము. పెండ్లి ప్రధానపు దినమున ఏమి జరుగుచున్నదో చెప్పెదను. పెండ్లికూతురి ఇంట షామియానా క్రింద బల్లమీద పళ్లెములు పెట్టియుందురు: తమలపాకులు, అరటిపండ్లు, పట్టుచీర, బైబిలు, బైబిలు ప్రక్కన చేతిరుమాలు కప్పిన నోట్లకట్టలు. పిల్లతండ్రి ఆ కట్టలకొరకు రెండెకరముల కొబ్బరితోటను తాకట్టు పెట్టియుండును, లేదా నెలకు వందకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చియుండును. ఆ సంగతి అక్కడ కూర్చున్నవారందరికిని తెలియును. అయ్యగారు లేచి, ఆ పళ్లెములమీద చేయి చాచి, ఈ కానుకలను ఆశీర్వదింపుమని ప్రార్థించును. చేతిరుమాలు మాత్రము ఎవరును ఎత్తరు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారము ఇచ్చినవాడును పుచ్చుకొనినవాడును నేరస్థులు. చట్టము నేరమనినదానిని బలిపీఠము ఆశీర్వదించుట ఏ గ్రంథమున నున్నది? పిమ్మట ఆ వివాహమును మూడు ఆదివారములు మందిరములో ప్రకటించి, అభ్యంతరము గలవారు తెలుపవలెనని అడుగుదురు. తాకట్టుపడిన ఆ తోట అభ్యంతరము కాదా? పెండ్లికొడుకు తండ్రి మీ ప్రక్కనే కూర్చుండు సంఘపు పెద్ద యగుటచేత కాకపోయినదా?

ఇంకొకటి. కోనసీమనుండియు, పశ్చిమ గోదావరి పల్లెలనుండియు ఎందరు స్త్రీలు కువైటునకును, దుబాయికిని, మస్కటునకును ఇంటిపనికై పోయిరో మీ కానుకల పుస్తకములే చెప్పును. మీ మందిరముల ఫ్యానులు, మైకులు, గోపురములు వారు పంపిన దశమభాగములతో వచ్చినవే అనేకము. ఆ స్త్రీని ఒక జీతము చెప్పి మరియొక జీతమునకు అప్పగించినవాడును, లేని వీసాకు డబ్బు పుచ్చుకొనినవాడును ఒక్కొక్కచోట మన సంఘస్థుడే. అట్టివాడు క్రిస్మసునకు సంఘమంతటికి బిర్యానీ పెట్టించును, ముందువరుసలో కుర్చీ పొందును. బంగారు ఉంగరము పెట్టుకొనివచ్చినవానికి మంచి స్థలము చూపి, మాసిన బట్టలవానిని నిలువబెట్టువారిని యాకోబు ఏమనెనో నేను మీకు బోధింపవలెనా? జక్కయ్య తన ఇంట ప్రభువు అడుగుపెట్టిన దినముననే, అన్యాయముగ పుచ్చుకొనినదానికి నాలుగంతలు మరల చెల్లింతుననెను. ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చినదని చెప్పినది ఆ మాట విని గదా! మోసపోయిన స్త్రీకి డబ్బు మరల చెల్లింపుమని అట్టివానితో మీలో ఎవరైన ఎప్పుడైన చెప్పితిరా?

కులమును గూర్చి వ్రాయుటకు చేయి ఆడుటలేదు, అయినను వ్రాయకపోయిన ఈ లేఖకు అర్థమే లేదు. ఒకే ఊర, ఒకే మిషను పేరిట, మాలపేటకు ఒక గుడి, మాదిగపేటకు ఒక గుడి. రెంటికిని ఒకే అయ్యగారు సైకిలుమీదనో మోటారుసైకిలుమీదనో పోయి ఒకే ప్రసంగము రెండుమారులు చెప్పుట. చనిపోయినవారికి సైతము వేర్వేరు సమాధుల దొడ్లు. పై కులములనుండి వచ్చినవారి కుటుంబములు ఈ రెంటికిని దూరముగ మరియొకచోట కూడుకొనుట. ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియనులు 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసున ఒక్కటై దక్షిణ ఇండియా సంఘముగ నిలిచినప్పుడు లోకమంతయు ఆశ్చర్యపడినది. సముద్రములకు ఆవల పుట్టిన భేదములను సమాధిచేయగలిగిన మనము, ఒక ఊరి వీధికి అటునిటు నున్న రెండు పేటలను ఒక బల్లయొద్దకు చేర్చలేకపోతిమి. సంఘపు ఎన్నికలు వచ్చినప్పుడు ఏ పేట ఓట్లు ఎవరివని లెక్కలు కట్టువారు ఎవరు? వరుని వెదకునప్పుడు విశ్వాసిగ నుండవలెనని మొదట చెప్పి, మన వారిలోనే కావలెనని చివర చేర్చువారు ఎవరు? అశుద్ధి పుట్టుకలో లేదని చెప్పిన బోధను నమ్మి లేచిన ప్రజలు, పుట్టుకను మరల బల్లయొద్దకు తెచ్చుకొనిన యెడల, ఆ ముత్తాతలు బాప్తిస్మమున విడిచినదేమి?

ఇది కొన్ని ఊళ్ల చిన్న వ్యవహారమని అనుకొనువారు రువాండాను చూడవలెను. 1930ల నాటినుండి తూర్పు ఆఫ్రికాను కదిలించిన గొప్ప ఉజ్జీవము పొడసూపిన దేశములలో అది యొకటి. అక్కడ జనులు బహిరంగముగ పాపములు ఒప్పుకొనిరి, దొంగిలించిన వస్తువులను తిరిగి యిచ్చిరి, పాటలతో ఊరూరు తిరిగిరి. ప్రజలలో అత్యధికులు క్రైస్తవులైన ఆ దేశముననే 1994లో సుమారు 100 దినములలో 8 లక్షల మంది చంపబడిరి. న్యమాట, న్తరామ వంటి చోట్ల మందిరములలో తలదాచుకొనినవారిని మందిరములలోనే వేలకొలది చంపిరి. ఆ ఉజ్జీవపు బిడ్డలలో కొందరు ప్రాణములకు తెగించి పొరుగువారిని కాపాడిరి. వారిని ప్రభువు ఎరుగును. అయినను వ్యక్తుల పాపములు ఇంతగా ఒప్పుకొనబడిన దేశమున, జాతి జాతిని ద్వేషించు పాపము ఒప్పుకోలునకు అందక లోలోపల పెరిగినది. ఉపవాసకూటములు, రాత్రి ప్రార్థనలు, లక్షలు ఖర్చు పెట్టిన ఉజ్జీవ సభలు మనకును కలవు. వానిలో ఏ సభయందైనను, ఏ వేదికమీదనైనను, ఒక పేట మరియొక పేటను క్షమాపణ అడిగెనా?

ఇది కృపాకాలము, ధర్మశాస్త్రకాలము గాదు, పాపమును తవ్వుట విశ్వాసులను మరల బానిసత్వమునకు ఈడ్చుట యగునని మీలో చదువుకొనినవారు వాదింతురు. కృపను గూర్చి లూథరుకంటె ఎక్కువ చెప్పినవారెవరు? ఆయన 1517లో విటెన్‌బర్గున ప్రకటించిన 95 ప్రతిపాదనలలో మొట్టమొదటిదే విశ్వాసి జీవితమంతయు పశ్చాత్తాపముగ నుండవలెనని నిర్ణయించినది. ఆయన ఖండించినది డబ్బు పుచ్చుకొని పశ్చాత్తాపమును మాఫీచేయు వ్యాపారమును. మందిరపు శ్లాబుకొరకు పాపమను మాటను తగ్గించుట దానికి ఎంత దూరము?

బల్లనుండి ఆపుట అను అధికారము పూర్వము దుర్వినియోగమైనదని మరికొందరు చెప్పుదురు. అది సత్యము, మిక్కిలి బాధాకరమైన సత్యము. మోసపోయిన ఆడపిల్లను సంఘము నడుమ నిలువబెట్టి, బల్లకు దూరముచేసి, ఆమెను మోసగించినవానిని సంఘపు కోశాధికారిగ ఎన్నుకొనిన సందర్భములు మన పెద్దల చరిత్రలో లేకపోలేదు. అట్టి క్రమశిక్షణను మరల తెమ్మని నేను అడుగుటలేదు. నాతాను ప్రవక్త బేత్షెబకు గుణబోధ చేయలేదు. తిన్నగ దావీదు కొలువునకు పోయి, రాజును రాజు ఎదుటనే దోషిగ నిలిపెను. నేను అడుగుచున్న క్రమశిక్షణ అట్టిది. అది పైనుండి మొదలుకావలెను, మీ బెంచినుండి మొదలుకావలెను.

పరిశుద్ధత యనగా ముఖము ముడుచుకొని తిరుగుట యని మీకు భయము వలదు. రాజమహేంద్రవరము సమీపమున జేగురుపాడున పుట్టి, 1938లో బైబిలు మిషనును ప్రారంభించిన దేవదాసు అయ్యగారు నేర్పిన సన్నిధి కూటములను ఎరిగినవారు మీలో చాలమంది యున్నారు. దేవుని సన్నిధిలో మనస్సును విప్పి, దోషములను ఒప్పుకొని, కనిపెట్టుకొని యుండుటలో ఎంత సంతోషమున్నదో ఆ కూటములలో కూర్చున్న ముసలమ్మలను అడుగుడు. అప్పు తీరినవాని నిద్రవంటి నిద్ర తమకు పట్టినదని చెప్పుదురు. ఆ సంతోషమును మీ సంఘస్థులకు నిరాకరించుటకు మీకు హక్కు లేదు.

కనుక నేను కోరునది ఇది. శనివారపు సిద్ధపాటు కూడికను వచ్చెడి సంస్కారమునకే మరల ప్రారంభింపుడు, పదిమందియే వచ్చినను నడుపుడు. అందులో పట్టీ చదువుట సంఘపు పెద్దల పేర్లతో మొదలుపెట్టుడు. అయ్యగారి జీతము ఆయన ప్రసంగముతో ముడిపడియుండకుండ దానిని పై సంఘమునుండియే నేరుగ ఇప్పింపుడు. ఏడాదికి నాలుగుమారులైనను ఊరిలోని రెండు గుళ్లవారును ఒకే గుడిలో, ఒకే గిన్నెనుండి సంస్కారము పుచ్చుకొనునట్లు ఏర్పాటు చేయుడు. రానని చెప్పువారు ఎవరో అప్పుడు మీకే తెలియును, వారియొద్దకు మీరే పోవలసియుండును. మోసపు డబ్బు పుచ్చుకొనినవాడు దానిని మరల చెల్లించువరకు అతని విందును, అతని కుర్చీని రెంటిని నిరాకరింపుడు. కట్నము పుచ్చుకొనిన ఇంటి ప్రధానమునకు పోకుడు. ఇది అసాధ్యమని మీకు తోచినయెడల ఆ మాటనే ప్రసంగపీఠమునుండి సంఘమునకు చెప్పుడు, కాని శనివారమును నిశ్శబ్దముగ చంపివేయకుడు.

తుదకు ఒక్క ప్రశ్న. దీనికి ఉత్తరమున గాక మీ మందిరమునందే సమాధానము కోరుచున్నాను. వివాహ ప్రకటనను మూడవమారు చదివి, అభ్యంతరము గలవారు తెలుపవలెనని మీరు అడుగు ఆదివారమున, వెనుక చాపమీదనుండి ఒక వితంతువు లేచి, "అయ్యగారండీ, కట్నమెంత?" అని అడిగినయెడల, ఆమెను కూర్చుండబెట్టుదురా, పెండ్లికొడుకు తండ్రిచేత జవాబు చెప్పింతురా?

ఇట్లు,
మీ సంఘములలో ఒక సభ్యుడు,
రాజమహేంద్రవరము